చదవలేని పిల్లల కోసం టీచర్లకు మెట్ల పరీక్ష నేర్పాలా, నిమిషం చదువా?

మూడో తరగతికొచ్చినా తెలుగు వాచకం కూడబలుక్కుంటూ చదివే పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకోవడానికి టీచర్ల ముందు రెండు దారులున్నాయి: కథ, పేరా, పదం, అక్షరం అనే మెట్లలో పిల్లలు ఏ మెట్టు మీదున్నారో చూసే మెట్ల పరీక్ష; ఒక్క నిమిషం చదివించి ఎన్ని పదాలు సరిగ్గా వచ్చాయో, ఎక్కడ తప్పారో రాసుకునే నిమిషం చదువు. శిక్షణకు ఒక్క పూటే దొరికితే మెట్ల పరీక్ష నేర్పండి. రోజంతా ఉంటే రెండూ.

పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడేది మెట్ల పరీక్షే. ముందు పేరా చదివిస్తారు. మూడు తప్పులకు మించకుండా, వాక్యం వాక్యంలా చదివితే కథ ఇస్తారు. తడబడితే పదాలు; ఐదింట్లో నాలుగైనా రాకపోతే అక్షరాలు. ఐదు నిమిషాల పని. తరగతిని గుంపులు చేయడానికి ఇంతకన్నా సులువైనది లేదు. టీచరు పెదాలు కదిపి మొదటి అక్షరం అందిస్తే మాత్రం ఫలితం చెడిపోతుంది. నెలనెలా అదే కాగితం వాడినా అంతే, పిల్లలు బట్టీ పట్టేస్తారు. మూడు నాలుగు నమూనాలు మార్చి మార్చి వాడాలి.

అయితే ‘పదం’ మెట్టు మీదున్న ఇద్దరిలో ఒకరికి ఒత్తులు రాకపోవచ్చు, ఇంకొకరికి దీర్ఘాలు. అది తెలియాలంటే నిమిషం చదువు కావాలి. పిల్లలు ఇంతకు ముందు చూడని పేరా, టీచరు దగ్గర ఇంకో ప్రతి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. తప్పు చదివిన పదం మీద గీత కొట్టి, పైన పిల్లలు పలికిందే రాయాలి: ‘గడ్డి’ మీద ‘గడి’, ‘జాడ’ మీద ‘జడ’. మూడు సెకన్లు ఆగిపోతే పదం చెప్పేసి తప్పుగా లెక్కేయాలి. తనంతట తాను దిద్దుకుంటే ఒప్పే. చివర్లో అర్థం మీద నాలుగు ప్రశ్నలు. పది తప్పుల్లో ఏడు ఒత్తులవే అయితే రోజూ పది నిమిషాలు గడి–గడ్డి, గుడి–గుడ్డి లాంటి జంటలు చదివిస్తే సరి. గుణింతాలన్నీ మళ్లీ వల్లె వేయించక్కర్లేదు.

శిక్షణలో ఎక్కువ సమయం తినేది ఈ తప్పులు గుర్తించడమే. ఒక పిల్లవాడు చదివిన రికార్డింగును టీచర్లందరికీ వినిపించి, విడివిడిగా గీతలు పెట్టించి పోల్చండి. ‘వచ్చాడు’ను ‘వచ్చిండు’ అని చదివితే తప్పు వేసేవాళ్లు తప్పక తేలతారు. అది ఇంటి మాట, అర్థం అందింది, తప్పుల్లో కలపకూడదు. ‘తొందరగా చదువు’ అన్నా పరీక్ష పాడైనట్టే. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికి నిమిషానికి 60 పదాలంటుంది. తెలుగులో ‘వెళ్లిపోతున్నప్పుడు’ కూడా ఒక్క పదమే! ఆ అంకెను పట్టుకుని వేలాడేకన్నా అదే పిల్లవాడు కిందటి నెల ఎంత చదివాడో చూడటం నయం. అక్షరాలే రాని పిల్లలకు ఈ పరీక్ష పెట్టొద్దు, సున్నా తప్ప ఏమీ తెలియదు.

ఈ రెండిట్లో ఏదీ డిస్లెక్సియాను (చదవడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యాన్ని) తేల్చదు. రెండు మూడు నెలలు పట్టుగా నేర్పినా కదలిక లేకపోతే ముందు చూపు, వినికిడి, హాజరు, ఇంటి భాష చూడాలి. లంబాడీ, గోండి ఇళ్ల పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ తర్వాత ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీని (అలాంటి పిల్లలకు సాయపడే రిసోర్స్ పర్సన్‌ను) కలవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలనూ గుర్తించింది. వెళ్లేటప్పుడు తేదీలు వేసి గీతలు పెట్టిన ఆ కాగితాలన్నీ పట్టుకెళ్లండి. ‘వీడికి చదువు రాదండీ’ అంటే అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.