పాత పాటల పెట్టె: నాలుగేళ్లు వాడాక

మొదటి నెలలోనే రాసుంటే ఐదుకి ఐదు చుక్కలు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడున్నర.

పాత ట్రాన్సిస్టర్‌లా కనిపించే పెట్టె ఇది. లోపల వేల తెలుగు పాటలు ముందే ఎక్కించి ఇస్తారు. 2021 దీపావళికి అమ్మ కోసం కొన్నాను, 6 వేల చిల్లర అయింది. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయను.

ముందు మంచి సంగతి. మలక్‌పేటలో మా ఫ్లాటు రోడ్డు మీదికే ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి హారన్ల మోత మామూలుగా ఉండదు. అయినా వంటింట్లో పెట్టిన పెట్టెలోంచి ఘంటసాల హాల్లోకి శుభ్రంగా వినిపిస్తారు. ఆ కాలపు రికార్డింగుల్లో గొంతు ముందుంటుంది, వాయిద్యాలు ఒక అడుగు వెనక ఉంటాయి. ఈ చిన్న స్పీకరుకి అదే కలిసొచ్చింది. మా అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో కొత్త పాటలు పెడితే మాత్రం డబ్బా మోతే.

రెండో ఏడు బ్యాటరీ ఉబ్బింది. సర్వీసు సెంటర్ వాళ్లు చెప్పిన రేటుకి దండం పెట్టి, కోఠి గుజరాతీ గల్లీలో మార్పించాను. మళ్లీ ఆ గొడవ లేదు. రిమోట్ ఎప్పుడో పోయింది, ఎవరూ వెతకలేదు.

అసలు గొడవ 'కవులు' అనే బటన్‌తో. గాయకుల జాబితా బాగానే ఉంది. ఘంటసాల 1974లో పోయారు. ఆయన పాటలు విని వెంటనే బాలు జాబితాకి మారితే, తెలుగు పాటకి గొంతు ఎలా మారిందో చెవికే తెలిసిపోతుంది. కానీ కవుల దగ్గరికొచ్చేసరికి ఈ కంపెనీకి శ్రద్ధ లేదు. 'తెలుగువీర లేవరా'కి శ్రీశ్రీ జాతీయ అవార్డు అందుకున్నారు, తెలుగు పాటల రచనకి వచ్చిన మొదటిది అదే. ఆ పాట ఘంటసాల కింద ఉంది, శ్రీశ్రీ కింద లేదు!

అమ్మకి కోపం వచ్చింది మాత్రం 'గోదారీ గట్టుంది' దగ్గర. 1964లో వచ్చిన మూగమనసులులో సుశీల పాడిన పాట. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో అది ఆత్రేయ పేరు మీద ఉంది. ఆ సినిమాలో చాలా పాటలు ఆయనవే కదా, ఇదీ ఆయనదే అయ్యుంటుందని ఎవరో గుడ్డిగా వేసేశారు. "అది దాశరథిది రా!" అంది అమ్మ. అమ్మ పుట్టిల్లు మహబూబాబాద్ దగ్గర, దాశరథి సొంతూరు చినగూడూరు అటే. అందుకే పక్షపాతం అనుకున్నాను. ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పాటల పుస్తకం దొరికితే తిప్పి చూశాను. అమ్మ మాటే నిజం. పాత సినిమా టైటిల్స్‌లో కవుల పేర్లన్నీ ఒకే చోట వేసేవాళ్లు. ఏ పాట ఎవరిదో తెలియాలంటే ఆ పల్చటి పుస్తకాలే దిక్కు. ఇప్పుడు ఫోన్ యాప్‌ల్లోనూ పాడినవాళ్ల పేరే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాట మొదలవగానే "ఎవరు రాశారు?" అని పందెం. వేటూరివి నేను రెండు చరణాల్లో పట్టేస్తాను. సిరివెన్నెల దగ్గర అబ్బాయి గెలుస్తాడు. 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చాక వాడు అది పెన్‌డ్రైవ్‌లో పెట్టి, గట్టిగా మోగించాడు. అమ్మ చెవులు మూసుకుని మరీ అడిగింది, ఎవరిదని. చంద్రబోస్‌ది, ఆయన ఊరు చల్లగరిగ అని చెప్పాను. "మా పాత వరంగల్ జిల్లానే కదా, సౌండ్ కొంచెం పెంచు" అంది.

కొనాలా అంటే, ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనండి. దాంతో వచ్చే పుస్తకాన్ని మాత్రం నమ్మకండి. మా కాపీలో అమ్మ ఎర్ర పెన్నుతో ఇప్పటికి పదిహేడు చోట్ల దిద్దింది.