ఆగుంబెలో ఆఖరి పూట

హైదరాబాదు నుంచి పద్నాలుగు మందిమి అక్టోబరులో కర్ణాటక పడమటి కనుమల్లోని ఆగుంబె వెళ్లాం. చివరి రోజు కార్యక్రమంలో ఒక జలపాతం, ఒక కొండ, ఒంటిగంటకల్లా ఘాట్ దిగడం రాసి ఉన్నాయి. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా పిన్ని, "మూడు రోజులుగా అడవిని వ్యాను కిటికీలోంచే చూస్తున్నాం. రేపైనా నడుద్దాం" అంది. ఇద్దరు తప్ప అందరం సరేనన్నాం.

ఉదయం ఆరింటికి గైడు వచ్చాడు. మంచు ఇంకా విడలేదు. చెట్ల మీది నుంచి చినుకులు రాలుతూనే ఉన్నాయి. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటు మరి. వాగు అవతల ఎవరో తీరిగ్గా ఈల వేస్తున్నట్టు వినిపించింది. పిల్లవాడేమో అనుకుని చుట్టూ చూశాం. మలబార్ విజిలింగ్ థ్రష్ అనే పిట్ట అని గైడు చెప్పాడు.

అంతకన్నా గొప్ప దృశ్యం అడవి లోపల కాదు, అంచున ఉన్న పోకతోటలో ఎదురైంది. గైడు చూపించిన మాను మీద బెరడు తప్ప నాకు ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఆ బెరడులోంచి నిమ్మపండు రంగు తిత్తి ఒకటి బయటికొచ్చి మళ్లీ ముడుచుకుంది. అది ఎగిరే తొండ, మగది, ఆ తిత్తి దాని గొంతు కిందిది. పావుగంట కదలకుండా నిలబడ్డాం. అప్పుడది పొడవాటి పక్కటెముకలను చాచి, వాటిని అంటుకున్న చర్మాన్ని గొడుగులా విప్పి, అవతలి పోకచెట్టుకు తేలిపోయింది. పద్నాలుగు మందిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆగుంబెకు పేరు తెచ్చిన రాచనాగు కనిపించలేదని నాకు వెలితి లేదు. దాన్ని వెతికి చూపిస్తామనే వాళ్లను నమ్మవద్దని గైడు గట్టిగా చెప్పాడు, ఆ మాటకే అతని మీద గౌరవం పెరిగింది.

జలగలు మాత్రం అందరినీ పట్టాయి. కరిచినచోట నొప్పి ఉండదు, కానీ వాటి లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి చాలాసేపు కారుతుంది. జలగలు ఎక్కకుండా మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు తెచ్చుకోవాలని మా యాత్ర ఏర్పాటు చేసినవాళ్లు ముందుగా చెప్పాల్సింది. చెప్పలేదు. గైడు రుసుము ప్యాకేజీలోనే ఉందన్నవాళ్లు అక్కడ మళ్లీ వసూలు చేయడం నాకు కోపం తెప్పించింది. డబ్బు కట్టేముందు ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి.

బస విషయంలో ఫిర్యాదు తక్కువ. పాత పెంకుటిల్లు, రాగి కాగులో కట్టెల మంట మీద కాచిన నీళ్లు, పొద్దున్నే నీరు దోసె, కొబ్బరి చట్నీ, చలికి వేడి కషాయం. ఇంటావిడ కన్నడంలో వడ్డిస్తే మేం తెలుగులో ఇంకాస్త అడిగాం, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. దుప్పట్లు తడివాసన వేశాయి, ఆ వానల్లో అవి ఆరవు. పద్నాలుగు మందికి రెండే స్నానాల గదులు ఉండటం మాత్రం నిజంగా కష్టం. ఎనిమిది మందికి మించి వెళ్లకండి.

ఘాట్‌లో 14 ఇరుకు మలుపులు. పెద్ద బస్సుకు పనికిరాని దారి, మినీ వ్యాను మాట్లాడుకోవాలి. మేం దిగేసరికి మూడైంది, ఉడుపి చేరాక ఆలస్యంగా భోజనం చేశాం. మంగళూరులో విమానం ఎక్కేలోపు పిన్ని గైడు నంబరు తన పుస్తకంలో రాసుకుంది. వచ్చే ఏడాది అయిదుగురమే వెళ్తాం, మూడు రోజులూ ఆ పోకతోట దగ్గరే.