చలికి మొరాయించే పాత డీజిల్ బస్సు: స్ప్రే, వేడినీళ్లు, హీటర్, తోపుడు... ఏది మేలు?

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్ వైపూ, చింతపల్లి దగ్గరి లంబసింగి వైపూ పాత స్కూలు బస్సుల డ్రైవర్లకు తెల్లవారుజామున టెన్షన్ మొదలవుతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా తిరుగుతుంది, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తుంది, కానీ అందుకోదు. చుట్టూ చేరినవాళ్లు తలో ఉపాయం చెబుతారు. ఒకరు ఇంజన్ పీల్చే గాలిలోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టమంటారు, ఒకరు వేడినీళ్లు పోయమంటారు, ఇంకొకరు తోసేద్దాం పదమంటారు. ఈ ఉపాయాలన్నీ ఒక్కోసారి పనిచేస్తాయి. ఏది ఇంజన్‌ను బతికిస్తుంది, ఏది చంపుతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ చెబుతున్నదంతా మెకానికల్ పంపు (డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మేది), 24 వోల్టుల కరెంటు, కంప్యూటర్ లేని పాత లేలాండ్, టాటా బస్సుల సంగతి. కొత్త బళ్ల లెక్క వేరు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కితే ఆ గాలి వేడెక్కాలి, ఆ వేడికే డీజిల్ అంటుకోవాలి. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కేది కూడా ఇందుకే. ఈ ఇంజన్లలో గాలి సుమారు పదహారో పదిహేడో వంతుకు కుదించుకుపోతుంది. బయట 35 డిగ్రీలు ఉండేది 5కి పడితే, లోపల నొక్కుడు చివర వేడి 30 కాదు, 60 నుంచి 80 డిగ్రీలు తగ్గుతుంది. అయినా ఇంజన్ బిగువుగా ఉండి జోరుగా తిరిగితే 5 డిగ్రీల చలిలో కూడా లోపల 450 డిగ్రీలు దాటుతుంది, డీజిల్ అంటుకోవడానికి అది బాగా సరిపోతుంది. అదే ఇంజన్ ఈడ్చుకుంటూ తిరిగితే గాలికి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి జారిపోవడానికి, వేడిని చల్లటి గోడలకు ఇచ్చేయడానికి టైము దొరుకుతుంది. అప్పుడు లెక్క 300 దగ్గరికో, అంతకంటే కిందికో పడిపోతుంది. అంటే చలి వల్ల పోయే వేడికంటే, నెమ్మదిగా తిరగడం వల్ల పోయే వేడి రెండింతలకు పైనే. కింద చెప్పే ఉపాయాలన్నిటినీ నేను ఈ లెక్కతోనే తూస్తాను.

స్ప్రే సంగతి. డబ్బాలో ఉండేది ప్రధానంగా ఈథర్. అది 160-180 డిగ్రీలకే అంటుకుంటుంది. అందుకే అంత తేలిగ్గా పనిచేసినట్టు కనిపిస్తుంది. కానీ డీజిల్‌ను ఎప్పుడు చిమ్మాలో పంపు చూసుకుంటుంది, ఈథర్‌కు ఆ అదుపు లేదు. గాలితో పాటే లోపలికి పోయి, పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే పేలుతుంది. ఆ దెబ్బ పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. రింగులు విరగడం, పిస్టన్‌లో రింగు గాడుల అంచులు రాలిపోవడం, సెల్ఫ్ మోటార్ పళ్లు ఊడిపోవడం ఇలాగే జరుగుతాయి. ఎయిర్ ఇన్‌టేక్‌లో హీటర్ ఉన్న బండికి స్ప్రే కొడితే మానిఫోల్డ్‌లోనే (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోనే) మంట లేస్తుంది. మనిషి మొహం అక్కడే ఉంటుందని మర్చిపోవద్దు.

“ఈ బండికి స్ప్రే అలవాటైపోయింది” అని డ్రైవర్లు అంటుంటే వింటాం. అలవాటు పడేది ఇంజన్ కాదు. రింగులు అరిగి కంప్రెషన్ (గాలిని నొక్కే బిగువు) పడిపోతుంటే స్ప్రే ఆ సంగతి బయటపడకుండా దాస్తోంది. రోజూ కొట్టే కొద్దీ ఉన్న రింగులు ఇంకా పాడవుతాయి, రేపు ఇంకాస్త ఎక్కువ కొట్టాల్సి వస్తుంది. పెట్రోల్‌లో ముంచిన గుడ్డ ఇన్‌టేక్ దగ్గర పట్టుకునేవాళ్లూ ఉన్నారు. అది మరీ అనర్థం. పెట్రోల్ తయారయ్యేదే నొక్కుడుకు తొందరగా అంటుకోకుండా. అంటే లాభం తక్కువ, అగ్నిప్రమాదం ఎక్కువ.

వేడినీళ్లు అలా కాదు, సరిగ్గా చేస్తే ఇంజన్‌కు ఏ హానీ లేదు. కాకపోతే చాలామంది చేసే పద్ధతిలో సగం శ్రమ వృథా అవుతుంది. రేడియేటర్ మూత తీసి కాగిన నీళ్లు పోస్తారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడెక్కితేనే నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) మూసి ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు రేడియేటర్‌లోనే నిలిచిపోతాయి, బ్లాకుకు (సిలిండర్లు ఉండే ఇంజన్ ఒంటికి) చేరవు. బ్లాకు వేడెక్కాలంటే బ్లాకు పక్కనున్న డ్రెయిన్ కాక్ కూడా తిప్పి పాత నీళ్లు దించాలి. అప్పుడు పోసినవి కింది హోస్ గుండా లోపలికి చేరతాయి. మరుగుతున్న నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకూడదు, ముందు గోరువెచ్చనివి, తర్వాత వేడివి. కూలెంట్ కలిపిన బండికి ఈ పని రోజూ చేస్తే ఖరీదైన కూలెంట్ నేలపాలు. అందుకే నాకు నచ్చేది ఇంకో పద్ధతి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద గోనెసంచి మడిచి వేసి, దాని మీద రెండు మూడు చెంబుల వేడినీళ్లు మెల్లగా పోయాలి. సెల్ఫ్ మోటార్ మీద, వైర్ల మీద పడకుండా చూసుకోవాలి. లోపలికి పోయే గాలి కాస్త వెచ్చబడినా పిస్టన్ చివర ఆ తేడా రెండింతలకు పైగా పెరుగుతుందని పైన చూశాం కదా. పైసా ఖర్చు లేదు.

ఇక హీటర్. బ్లాకులోని నీళ్లను వేడిచేసే ఎలక్ట్రిక్ హీటర్ అన్నిటికంటే మర్యాదైన మార్గం. నీళ్లతో పాటు సిలిండర్ గోడలు వెచ్చబడతాయి, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, అరుగుదల తగ్గుతుంది. రాత్రంతా పెట్టక్కర్లేదు, బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు. చిక్కల్లా బండి నిలిపే చోట కరెంటు పాయింటు ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, మంచులో తడిసిన ఇనుప బండికి 230 వోల్టులు కడుతున్నామన్న భయం ఉండాలి. నిజం చెప్పాలంటే మన చలికి ఇది తప్పనిసరి కాదు. లద్దాఖ్ సంగతి వేరు. అక్కడ మామూలు డీజిలే గడ్డకడుతుంది కాబట్టి 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. అలాంటి చోట హీటర్ లేకుండా బతకడం కష్టం.

ఆయిల్ చాంబర్ కింద చలిమంట వేయడం గురించి ఒకే మాట: వద్దు. డీజిల్ చెమ్మ, ఆయిల్ జిడ్డు, పాత వైర్లు అన్నీ ఆ మంట పైనే ఉంటాయి.

తోపుడు నిజానికి పైన చెప్పిన లెక్కకు బాగా సరిపోయే ఉపాయం. బ్యాటరీ తిప్పలేని వేగంతో చక్రాలు ఇంజన్‌ను తిప్పుతాయి, పాత మెకానికల్ పంపుకు కరెంటుతో పనిలేదు. చదును నేల మీద ట్రాక్టరుతో లాగించి, రెండో మూడో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే చాలాసార్లు అందుకుంటుంది. కానీ పల్లంలో ఆపి పొద్దున జారించి స్టార్ట్ చేసే అలవాటును మాత్రం నేను ఒప్పుకోను. ఎయిర్ బ్రేకు బండిలో రాత్రికి రాత్రి ట్యాంకుల్లో గాలి దిగిపోతుంది. ఇంజన్ ఆడకపోతే కొత్త గాలి నిండదు. గాలి పోతే తనంతట తానే పట్టే స్ప్రింగు బ్రేకు లేని పాత బస్సయితే, జారుతున్నంత సేపూ దాన్ని ఆపే దిక్కు లేదు. స్టీరింగూ బరువెక్కి ఉంటుంది. ఘాట్ ఊళ్లలో పల్లం చివర ఏముంటుందో చెప్పక్కర్లేదు. గాలి గేజ్ ముల్లు ఎర్రగీత దాటకుండా బండిని కదిలించకూడదు. పిల్లలు ఎక్కే బండితో ఇలాంటి పందెం అసలు వద్దు.

ఇన్ని చెప్పాక నా తీర్పు: డబ్బు ఖర్చు పెట్టాల్సింది డబ్బాల మీద కాదు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా ఉన్న దారి మీద. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన బలంలో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలలో ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే పాతదే రెండిటినీ కిందికి లాగుతుంది, మారిస్తే జంటగా మార్చాలి. సెల్ఫ్ కొడుతుండగా మల్టీమీటర్ పెట్టి చూడండి. రెండు బ్యాటరీల మీద కలిపి 19 వోల్టుల కిందికి పడితే ముందు బ్యాటరీలనే అనుమానించాలి. అవి బాగానే ఉండి సెల్ఫ్ ఈడుస్తుంటే, బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ పోయినట్టే. ఇంజన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌తో దానికి ఈ పట్టీయే ఆధారం. తుప్పు గీకి, బోల్టు బిగించిన తర్వాత అదే బ్యాటరీతో ఇంజన్ గిర్రున తిరగడం చూస్తే స్ప్రే డబ్బా మీద మనసు పోదు. అలాగే సింగిల్ గ్రేడ్ 40 ఆయిల్ వాడుతుంటే చలికాలానికి ముందే చలిలో పలచగా ఉండే 15డబ్ల్యూ-40కి మారండి, ఇంజన్ తిరుగుడులోనే తేడా తెలుస్తుంది.

ఇంజన్ జోరుగా తిరుగుతున్నా అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది, మండట్లేదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించాలి, కంప్రెషన్ చూడాలి, ఇంజన్ బోరుకొచ్చిందేమో (సిలిండర్లు అరిగాయేమో) తేల్చుకోవాలి. అసలు పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు. రాత్రి ఏదో వాషరు దగ్గర గాలి పీల్చుకుని డీజిల్ ట్యాంకుకు జారిపోయి ఉంటుంది. ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న డీజిల్ పంపు) కొట్టి ఎయిర్ తీస్తే ఆ పూటకు గడుస్తుంది, కానీ లీకు పట్టుకోవాలి. ఇంకో కారణం డీజిలే. మన ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి పారాలి, ఎండాకాలపుదానికి 18 చాలు. దసరాకు ముందు నింపి నిలిపేసిన బండిని జనవరిలో లంబసింగిలో తీస్తే ఫిల్టర్‌లో మైనం పేరుకోవడంలో వింతేమీ లేదు. అక్కడ వేడినీళ్ల గుడ్డ ఫిల్టర్‌కు చుట్టడమే సరైన మందు.

కొన్ని పాత పంపుల పక్కన స్టార్టింగ్‌కు ఎక్కువ డీజిల్ వదిలే చిన్న బొత్తాం ఉంటుంది. ఇంజన్ ఆగి ఉండగా దాన్ని నొక్కి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ అందుకోగానే అదే వెనక్కి వచ్చేస్తుంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే పంపు మెకానిక్ చేత విడిపించుకోండి. బ్యాటరీ దారి బాగుండి, ఈ బొత్తాం పనిచేస్తూ ఉంటే ఆదిలాబాద్ చలికి చాలా బళ్లకు ఇంకేమీ అక్కర్లేదు.

ఏ పద్ధతిలో అయినా పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకోవద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. అందుకున్నాక రయ్యిమని రేసు చేయొద్దు, ఆయిల్ ఇంకా పైన వాల్వులను నొక్కే రాకర్ల దాకా చేరి ఉండదు. గాలి గేజ్ నిండే దాకా మెల్లగా ఆడనిచ్చి, మొదటి కొన్ని కిలోమీటర్లు తేలిగ్గా నడిపితే మిగతా వేడి రోడ్డు మీదే వస్తుంది.