ఏడు సీజన్లు వాడాక చవక బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురించి నా మాట

మా బామ్మర్ది ఈ మధ్యే డాలస్ వచ్చాడు, వచ్చిన మూడో వారమే "బావా, నేను కూడా నీతో వేటకొస్తా, నాలుగైదు వందల డాలర్లలో ప్లాస్టిక్ స్టాక్‌తో (పట్టుకుని భుజానికి ఆనించే భాగం) వచ్చే రైఫిల్ కొంటే తర్వాత బాధపడతానా" అని అడిగాడు. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా. నేను ఏడు సీజన్ల నుంచి అలాంటి బోల్ట్ యాక్షన్‌దే (ప్రతి షాట్‌కీ బోల్ట్ అనే గడియని చేత్తో లాగి తూటా ఎక్కించేది) ఒకటి వాడుతున్నా, .308 క్యాలిబర్ (తూటా రకం), స్కోప్‌తో (గురి చూసే దుర్బిణి) కలిపి సెట్‌గా అమ్మింది. టెక్సాస్‌లోనే లానో దగ్గర ఒక ర్యాంచ్‌లో నలుగురం కలిసి లీజు తీసుకున్నాం, ఏటా నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది, ఆ రోజుకి అక్కడ ఉంటా. ఇప్పటికి పదకొండు జింకలు, లెక్క పెట్టనన్ని అడవి పందులు దీంతోనే కొట్టాను. ఏ కంపెనీదో చెప్పట్లేదు, ఈ ధరలో వచ్చేవాటిల్లో చాలావాటికి గుణాలూ లోపాలూ దగ్గర దగ్గరగానే ఉంటాయి.

ముందు బ్యారెల్ (తూటా వెళ్ళే గొట్టం) గురించి చెప్తా, ఎందుకంటే చవకది అనగానే అందరూ భయపడేది అక్కడే, నిజానికి ధర తగ్గేది అక్కడ కాదు. సావేజ్ అనే తుపాకుల కంపెనీ వాళ్ళు 1958లో మోడల్ 110 తెచ్చినప్పుడే బ్యారెల్‌ని రిసీవర్‌లోకి (బోల్ట్ ఉండే ఇనుప భాగం) తిప్పి, గేజ్ పెట్టి చూసి, పెద్ద నట్‌తో బిగించే పద్ధతి పెట్టారు, దాంతో అనుభవం ఉన్న మేస్త్రీ కూర్చుని కొంచెం కొంచెంగా అరగదీసి సరిపెట్టే పని తప్పింది. తర్వాత వాళ్ళ యాక్సిస్, రూగర్ కంపెనీ వాళ్ళ అమెరికన్ లాంటివి వచ్చాయి, రిసీవర్ గుండ్రంగా లేత్ మీద తేలిగ్గా తయారయ్యేట్టు, స్టాక్ అచ్చులో పోసి తీసేట్టు, మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే డబ్బా) కూడా ప్లాస్టిక్. నాది మొదటి రోజు నుంచీ 100 గజాల్లో మూడు తూటాలు అంగుళంన్నర లోపలే పెడుతోంది, నాకు నచ్చిన 150 గ్రెయిన్ (గుండు బరువు కొలత) తూటా దొరికాక అంగుళానికి వచ్చింది. బ్యారెల్ సన్నం కాబట్టి వరసగా ఐదారు కాలిస్తే వేడెక్కి గురి చెదురుతుంది, కానీ జింక మనకి ఇచ్చేది చల్లటి బ్యారెల్‌తో ఒక్క షాట్, నేను స్టాక్‌ని తప్పుగా ఆనించినప్పుడు తప్ప అది ఏడేళ్ళలో ఎప్పుడూ తప్పు చోట పడలేదు.

అసలు గొడవంతా స్టాక్‌తోనే. షాపులో చేతిలోకి తీసుకోగానే ముందు భాగాన్ని బ్యారెల్ వైపు నొక్కి చూడండి, వేళ్ళతో నొక్కితేనే వంగి బ్యారెల్‌కి ఆనుకుంటే మీరు జాగ్రత్తగా ఉండాలి. నాది అలాగే వంగుతుంది, నాకు ఆ సంగతి తెలీదు. రేంజ్‌లో ఇసక సంచి మీద పెట్టి గురి సరిచేసుకున్నా, బ్రహ్మాండంగా ఉంది, తీరా ర్యాంచ్‌లో బ్లైండ్ (వేటకి దాక్కుని కూర్చునే చిన్న గది) కిటికీ చెక్క మీద స్టాక్ కొసని ఆనించి కాలిస్తే మూడంగుళాలు పక్కకి పోయింది. స్కోప్ కదిలిందనుకుని రెండు వారాలు మౌంటు స్క్రూలు తిప్పుతూ కూర్చున్నా. ర్యాంచ్ యజమాని పెద్దాయన చూసి, కొస మీద కాదు మ్యాగజైన్‌కి కొంచెం ముందు ఆనించు అన్నాడు, అంతే, ఆ రోజు నుంచి సమస్య లేదు. బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ళ స్టాండు) పెట్టి ముందుకి తోసి కాల్చేవాళ్ళకీ, స్లింగ్‌ని (భుజానికి తగిలించుకునే పట్టీ) చేతికి బిగించి కాల్చేవాళ్ళకీ ఇదే బాధ వస్తుంది.

ఇంకోటి చప్పుడు. స్టాక్ లోపల బోలు కాబట్టి దాని వెనక కొసకి నిచ్చెన మెట్టు తగిలినా డప్పు మోగినట్టు మోగుతుంది, తెల్లవారుజామున నిశ్శబ్దంలో అది ఎంత దూరం వినిపిస్తుందో అనుభవిస్తే గానీ తెలీదు. నేను వెనక రబ్బరు ప్యాడ్ విప్పి లోపల స్పాంజి ముక్కలు గట్టిగా కూరాను, ఆ ఒక్క పనితో రైఫిల్ మారిపోయినట్టు అనిపించింది.

మా తాతకి కడప జిల్లాలో వేరుశెనగ చేలని పందుల నుంచి కాపాడుకోడానికి లైసెన్స్ ఉన్న నాటు తుపాకి ఉండేది, వానలకి ముందు దాని కర్రకి ఆముదం పట్టించడం నాకు బాగా గుర్తు. ఆ సేవ ప్లాస్టిక్‌కి అక్కర్లేదు, వానకి ఉబ్బదు, ఎండకి వంకర పోదు, రాయికి గీసుకున్నా ఏం కాదు. కానీ ప్లాస్టిక్ అంటే రైఫిల్ మొత్తానికీ వాన భయం లేదని కాదు, ఈ తప్పు నేను చేశా. ఒక రోజంతా తడిసి వచ్చి పైపైన తుడిచి పెట్టేశా, నెల తర్వాత స్టాక్ విప్పితే బ్యారెల్ అడుగున, బయటికి కనపడని చోట, ఎర్రగా తుప్పు. నీళ్ళు బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య గాడిలో నిలిచిపోతాయి. తడిసిన ప్రతిసారీ స్టాక్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకే టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్) బిగించాలి, స్క్రూ వదులైనా గురి పోతుంది.

మనసు కష్టపెట్టుకున్నది మాత్రం మూడో సీజన్లో. నా రైఫిల్లో సేఫ్టీ (ట్రిగ్గర్ పని చెయ్యకుండా ఆపే మీట) వేసినా బోల్ట్ లాక్ అవ్వదు. సేఫ్టీ వేసి, తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఉండగానే తుపాకి తెరిచి దించుకోవచ్చు కాబట్టి అది మంచిదే, కాకపోతే మెస్కీట్ తుప్పల్లో (మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే ఇది) నడుస్తుంటే కొమ్మ తగిలి బోల్ట్ హ్యాండిల్ కొంచెం పైకి లేచింది, నేను చూసుకోలేదు, కొమ్ములకి మొత్తం ఎనిమిది కొనలున్న మగ జింక 80 గజాల్లో నిలబడితే ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ అంది. అది ఒక్క దూకు దూకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కూర్చోగానే బోల్ట్ మీద చెయ్యేసి చూడటం అలవాటైంది. ఐదో ఏడు మ్యాగజైన్ క్లిప్పు విరిగింది, అందుకే మొదటి రోజే ఇంకో మ్యాగజైన్ కొనుక్కోండి.

సెట్‌తో వచ్చిన స్కోప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మసక వెలుతురులో చాలదు, రెండో ఏడాదే మార్చా. బరువు స్కోప్ లేకుండా ఆరున్నర పౌండ్లు, మొయ్యడానికి హాయి, భుజానికి మాత్రం .308 గట్టిగానే తన్నుతుంది. అందుకే బామ్మర్దిని తన్ను తక్కువ ఉండే .243 కానీ 6.5 క్రీడ్‌మూర్ కానీ క్యాలిబర్ తీసుకోమన్నా, మొదట్లోనే తన్నుకి భయపడితే ట్రిగ్గర్ దగ్గర ఉలిక్కిపడే అలవాటు పట్టుకుంటుంది, అది వదిలించుకోడం చాలా కష్టం.

వాడు హెచ్1బి మీద ఉన్నాడు, ఒక విషయం మన వాళ్ళలో చాలామందికి తెలీదు, అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనడం కానీ దగ్గర ఉంచుకోవడం కానీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సాస్ వేట లైసెన్స్ ఆగస్టు 31కి అయిపోతుంది, కొత్తది తీసుకోడం మర్చిపోతే బీరువాలో ఉన్న రైఫిలే నేరం అవుతుంది, దయచేసి క్యాలెండర్లో రాసి పెట్టుకోండి. 1971 సెప్టెంబర్ 2న కానీ ఆ తర్వాత కానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి.

స్టాక్ మార్చాలా అని వాడు మళ్ళీ అడిగాడు. మంచి స్టాక్ కొంటే రైఫిల్ ధరలో సగం దాకా అవుతుంది, ఆ డబ్బుతో ఒకే రకం తూటాలు కొనుక్కుని నవంబర్ లోపల రేంజ్‌కి ఆరుసార్లు రా, నేను పక్కన ఉంటా అన్నా. ఆదివారం మొదటిసారి వెళ్తున్నాం.