కోనసీమలో ఇల్లు కట్టే ముందు కోనసీమ ఇళ్లలో పడుకుని చూశాం

అమలాపురానికి దగ్గరలో, పంట కాలువను ఆనుకుని మా అత్తగారి తరఫు స్థలం కొంత ఉంది. అక్కడ వీలైనంత తక్కువ సిమెంటుతో, ఏసీ అవసరం లేని ఇల్లు కట్టుకోవాలని మా ఆవిడా నేనూ చాలాకాలంగా అనుకుంటున్నాం. ప్లాను గీయించే ముందు ఆ గాలిలో, ఆ చెమ్మలో, రకరకాల కప్పుల కింద రాత్రులు గడిపి చూద్దామని బయలుదేరాం. సంక్రాంతి తర్వాత వెళితే కోనసీమలో ఏ గదైనా హాయిగానే ఉంటుంది. ఇంటిని పరీక్షించాలంటే భాద్రపదమే సరైనదని ఆ నెలనే ఎంచుకున్నాం. ఉక్కపోత, వాన, నిండిన కాలువలు, నదిలో వరద అన్నీ ఒకేసారి ఉంటాయి.

ప్రతి బసలోనూ రెండు సంగతులు చూడాలని ముందే అనుకున్నాం. ఏసీ ఆపేస్తే నిద్ర పడుతుందా? గోడో కప్పో పాడైతే బాగుచేసే మనిషి ఆ చుట్టుపక్కల ఉన్నాడా? ప్రయాణం సాగినకొద్దీ ఈ రెండో ప్రశ్నే మమ్మల్ని ఎక్కువగా పట్టుకుంది.

రాజమహేంద్రవరంలో రైలు దిగి నేరుగా ధవళేశ్వరం వెళ్లాం. డెల్టాలో ఇల్లు కట్టదలచినవాళ్లు మొదట చూడవలసిన చోటు అదేనని నా నమ్మకం. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన కాటన్ ఆనకట్టకు రాయి ఆ పక్క కొండదే, రాళ్లను పట్టి ఉంచింది సున్నమే. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజి ఉంది. కాటన్ మ్యూజియం చూడటానికి ఒక పూట చాలు. పిల్లలు వెంట ఉంటే తప్పక చూపించండి. మాకు మాత్రం అక్కడ అన్నిటికంటే పనికొచ్చినవి మూడు అంకెలు: 11.75, 13.75, 17.75. బ్యారేజి దగ్గర నీటిమట్టం అన్ని అడుగులకు చేరినప్పుడు వరుసగా మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. దిగువన గౌతమి, వసిష్ఠ పాయల మధ్య లంకల్లో బతికేవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చు. 1986 వరదలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించే పెద్దలు దారిలో కనిపించారు. మీ స్థలం దగ్గర అలాంటి పెద్దవాళ్లుంటే పునాది తీసే ముందే వాళ్లను అడగండి. మా ఇంటి అరుగు ఎత్తు మేము అలాగే నిర్ణయించుకున్నాం.

కడియం నర్సరీల దగ్గర కాసేపు ఆగాం. పడమటి గోడకు నీడనిచ్చే మొక్కల గురించి అడిగితే అక్కడివాళ్లు ఓపికగా చెప్పారు. రావులపాలెం దాటాక బస్సులకు లోటు లేదు గాని, నచ్చిన ఇంటి ముందు ఆగాలనుకుంటే ఆటో మాట్లాడుకోవడమే మేలు.

మొదటి బస ఒక మండువా లోగిలి. సొంతవాళ్లు వెనక భాగంలో ఉంటూ ముందు గదులు అతిథులకు ఇస్తున్నారు. వీధి నుంచి అయిదారు మెట్లెక్కితే అరుగు, అరుగు దాటితే మండువా. నాలుగు వైపుల నుంచీ పెంకు కప్పు లోపలికి వాలి ఉంటుంది, వాన నీరంతా మధ్యలోని గచ్చు మీద పడి తూములోంచి పెరట్లోకి పోతుంది. మధ్యాహ్నం బయట చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కలో, మండువా పక్క వసారాలో చాప వేసుకుని పడుకుంటే చెమట ఆరిపోయింది. వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతూ ఉంటే వీధి గుమ్మం నుంచి, పెరటి గుమ్మం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. గుమ్మాలన్నీ ఒకే వరుసలో పెట్టడానికి కారణం అదే. పెంకుల సందుల్లోంచి కూడా వేడి బయటికి పోతుంది. రాత్రి పంకా ఒక్కటే తిరిగింది, నిద్ర బాగా పట్టింది.

అయితే మా గది గోడ కింది భాగం రెండడుగుల మేర పొక్కి రాలుతోంది. ఇంటి మామ్మగారు ఎంతో బాధపడుతూ చెప్పారు: "మూడేళ్ల కిందట సిమెంటు పూయించామండీ. గట్టిగా ఉంటుందన్నారు. అప్పటి నుంచే ఈ జబ్బు." కారణం ఊహించడం కష్టం కాదు. కాలువలకు నీళ్లు వదిలి చేలు నిండినప్పుడు నేలలోని తడి పునాదుల గుండా గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తడిని మెల్లగా గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. తడి లోపలే నిలిచి ఇంకా పైకి ఎగబాకుతుంది, దానితో వచ్చిన లవణాలు గట్టిపడి పూతను లోపలి నుంచి పగలగొడతాయి. పాత గోడకు సున్నమే పూయాలి. ఆ మాట మామ్మగారికీ తెలుసు. పూసేవాళ్లు దొరకక సిమెంటుకు ఒప్పుకున్నారు.

భోజనం గురించి చెప్పకుండా ఉండలేను. ఆవపెట్టిన పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, అరిటాకులో వేడి అన్నం. స్నానాల గది మాత్రం పెరటి చివర ఉంది, రాత్రి వాన పడితే పెద్దవాళ్లకు ఇబ్బందే. గదులు మూడే కాబట్టి ముందుగా ఫోను చేయాలి. ఇన్ని చెప్పినా, ఈ ప్రయాణంలో మళ్లీ వెళ్లాలనిపించిన బసల్లో ఇదే మొదటిది. మర్నాడు పొద్దున్న పేరూరు వీధుల్లో నడిచి పాత పెంకుటిళ్లు చూశాం. కొన్ని ఇళ్లలో పెంకు ఏటా వానలకు ముందు సర్దిస్తున్నారు, దూలాలు నిక్షేపంగా ఉన్నాయి. సర్దించని ఇళ్లలో ఒక పెంకు జారిన చోట వాసం పుచ్చి, చుట్టూ కప్పు కుంగింది. రెండింటిలోనూ కలప ఒకటే, పెంకు ఒకటే.

తర్వాత వసిష్ఠ ఒడ్డున ఒక ప్రైవేటు రిసార్టు. పర్యావరణహిత కుటీరాలని బోర్డు పెట్టారు కాబట్టే వెళ్లాం. పేరు చెప్పను. నది మీదికి తెరుచుకునే వసారా, మర్యాదైన సిబ్బంది, సాయంత్రం పడవ షికారు, చేపల పులుసు అన్నీ బాగున్నాయి. కుటీరం మాత్రం పలచని కాంక్రీటు గోడల గది. బయట వెదురు తడికె, పైన తాటాకు అలంకారంగా కప్పారు. కిటికీ ఒకే వైపు ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపే గది ఆవిరి పట్టినట్టయింది. వెదురుకు పురుగు పట్టి పిండి రాలుతోంది. కోసిన వెదురును నీళ్లలో నానబెట్టో, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టించో వాడితే పురుగు ఆశించే పిండిపదార్థం పోవడమో, విషమవడమో జరుగుతుంది. ఆ పని చేయకుండా ఏటా కొత్త తడికెలు కడుతున్నారట. చెట్టు పేరు చెప్పి చెట్టునే వృథా చేయడం నాకు నచ్చలేదు. నది చూడటానికి వెళ్లండి, ఇల్లు నేర్చుకోవడానికి కాదు. అలాంటి చోట గది తీసుకునే ముందు గోడ దేనితో కట్టారో, కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో ఫోనులోనే అడగవచ్చు.

సఖినేటిపల్లి రేవుకు వెళ్లి, నరసాపురం వైపు నుంచి పంటు అనే పెద్ద రేవు పడవ మీద వస్తున్న బళ్లనూ మనుషులనూ చూస్తూ కాసేపు నిలబడ్డాం. మీరు పంటు దాటదలిస్తే వరద రోజుల్లో ఆపేస్తారు, ముందే కనుక్కోండి. అంతర్వేదిలో దర్శనం అయ్యాక ఒక కొత్త లాడ్జిలో దిగాం. కొత్తదే గాని స్లాబు అడుగున అప్పుడే పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోంది. సముద్రపు గాలిలో, ఉప్పు నీటిలో ఉన్న క్లోరైడు కాంక్రీటులోకి దిగి ఇనుమును తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. ఉప్పగా ఉన్న బోరు నీళ్లతో కలిపి, అవే నీళ్లతో తడిపితే ఇక చెప్పేదేముంది. తీరానికి దగ్గరగా కట్టేవాళ్లు మంచి నీటి ఖర్చుకు వెనుకాడకూడదు. స్లాబు వేయక తప్పకపోతే ఇనుము మీద కాంక్రీటు మందం తగ్గనివ్వకూడదు.

ఆ దారిలోనే తాటాకు ఇళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. చూరు నడుము ఎత్తుకు దిగి ఉంటుంది, వంగి లోపలికి వెళ్లాలి. కప్పు అన్ని వైపులా వాలి ఉంటుంది కాబట్టి గాలికి అడ్డంగా నిలిచే గోడ తక్కువ. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేసిన రాత్రి గురించి అక్కడ అడిగితే, కప్పు పోయిందని, మళ్లీ నేసుకున్నామని చెప్పారు. ప్రాణాలు కాపాడటానికి ఆ ఇల్లు చాలదు, పక్కా భవనం ఊరికొకటైనా ఉండాల్సిందే. కప్పు వాలు విషయంలో మాత్రం మేము ఆ ఇళ్ల మాటే విన్నాం: రెండు వాలుల కప్పు వద్దు, నాలుగు వాలులు కావాలి.

మాకు అసలైన పాఠం రాజోలు వైపు ఒక పల్లెలో దొరికింది. పదవీ విరమణ చేసిన మాస్టారొకరు ఇటీవలే ఇల్లు కట్టుకున్నారు. తెలిసినవాళ్ల ద్వారా వెళితే మేడ గదిలో ఉండమన్నారు, డబ్బు పుచ్చుకోలేదు. గోడలు ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టారు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరుసల మధ్య ఖాళీ వదులుతారు. ఇటుకలు సుమారు పాతిక శాతం తగ్గుతాయి, మధ్యలోని గాలి ఎండ వేడిని అడ్డుకుంటుంది. కేరళలో లారీ బేకర్ వందల ఇళ్లకు వాడి జనంలోకి తెచ్చిన పద్ధతి ఇది. స్లాబులో కూడా అడుగు భాగాన బంగాళా పెంకులు పేర్చి కాంక్రీటు పోశారు. స్లాబు కింది సగంలో లాగుడును మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. అందుకే ఆ చోటును పెంకుతో నింపినా బలం తగ్గదు. కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల వరుసలు కనిపిస్తాయి, సున్నం కొట్టాల్సిన పనే లేదు. పడమటి గదిలో, ఎండ కాసిన సాయంత్రం, గోడ మీద చెయ్యి పెట్టి చూశాం. లాడ్జి గోడకూ దీనికీ పోలికే లేదు.

ఇటుక దగ్గర మాస్టారితో చాలాసేపు మాట్లాడాం. ఇక్కడి నాటు ఇటుకను ఊకతో కాలుస్తారు, ఆ లెక్కన బొగ్గు కంటే మేలే. కాని దానికి తవ్వేది వరి పండే చేల పైమట్టి. తవ్విన చేను మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆయన బూడిద ఇటుక వాడారు. థర్మల్ కేంద్రాల బూడిదతో చేస్తారు, కాల్చనక్కర లేదు, నీళ్లతో తడిపితే గట్టిపడుతుంది. దూరం నుంచి లారీలో రావాలి, అదే దాని లోపం. నేను మట్టి దిమ్మెల గురించి అడిగాను. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ భూమి సంస్థ ప్రచారం చేసిన, మట్టిని అచ్చులో గట్టిగా ఒత్తి చేసే దిమ్మెలకు సిమెంటు సుమారు 5 శాతం చాలు, కాల్చే పని లేదు. మాస్టారి జవాబు సూటిగా ఉంది: "మన ఒండ్రులో బంకమట్టి ఎక్కువండీ. ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక కలపాలి. ఆ ఇసుక కూడా గోదావరిదేగా." మాకు ఎంతో ఇష్టమైన పద్ధతిని మా స్థలానికి వదులుకున్నది ఆ మాటతోనే. పక్క జిల్లాల మెరక ఎర్ర నేలల్లో కట్టేవాళ్లు తప్పక ఆలోచించాలి.

కట్టిన మేస్త్రిగారిని పిలిపించారు. అరవై దాటిన మనిషి. మొదటి గోడ మూడుసార్లు విప్పి కట్టారట. నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరూ గల్ఫ్ వెళ్లిపోయారు. "రోజుకు వేసే ఇటుకలు మొదట్లో తగ్గుతాయి, కూలి అదే అడగాలి. యజమానికి ఓపిక లేకపోతే ఈ పని కుదరదండి" అన్నారు. పెంకు సర్దేవాళ్లు, సున్నం రుబ్బేవాళ్లు, ఇలా కట్టేవాళ్లు కరువైతే ఎంత మంచి సరుకు తెచ్చినా ఇల్లు నిలవదని నాకు గట్టిగా అనిపించింది. మామ్మగారి గోడా, పేరూరు కప్పులూ ముందే చెప్పిన సంగతి ఇదే.

చివర్లో యానాం మీదుగా కోరంగి వెళ్లి మడ అడవిలో చెక్క బాట మీద నడిచాం. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఉక్కగా ఉంటుంది. ఉప్పెన వచ్చినప్పుడు అలల జోరును ముందుగా తగ్గించేది ఆ వేళ్లే.

మా ఇంటి సంగతి తేలింది. 1986 గుర్తుకు పైన అరుగు, ర్యాట్ ట్రాప్ గోడలు, లోపల సున్నపు పూత, వసారా మీద నాలుగు వాలుల పెంకు, ఎదురెదురు గుమ్మాలు. వాసాలకు, పాత తోట కొట్టే రైతు దగ్గర ముదురు కొబ్బరి మానులు మాట్లాడుకున్నాం. మానులో బయటి భాగం మాత్రమే గట్టిది, లోపలి మెత్తటి భాగం పనికిరాదు. దసరా వెళ్లాక, నేల కాస్త ఆరాక పని మొదలు. మేస్త్రిగారు వస్తానన్నారు. ఆయన పెట్టిన షరతు, మేము ఆనందంగా ఒప్పుకున్నది ఒకటే: ఊళ్లోని ఇద్దరు కుర్రాళ్లను మొదటి రోజు నుంచీ ఆయన పక్కన పెట్టాలి, నేర్చుకునే రోజులకు కూడా వాళ్లకు పూర్తి కూలి ఇవ్వాలి.