ఆగుంబె అడవిలో మలబార్ ట్రీ నింఫ్: ఎక్కడ ఉండాలి, ఎక్కడ చూడాలి

మలబార్ ట్రీ నింఫ్ అనే సీతాకోకచిలుక మన దేశపు పడమటి కనుమల్లో తప్ప మరెక్కడా ఉండదు. దానికోసం మేము కర్ణాటకలోని ఆగుంబెను ఎంచుకున్నాము. హైదరాబాదు నుంచి మంగళూరుకు విమానంలో వెళ్లి, అక్కడినుంచి ఉడుపి, హెబ్రి మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కడం సులువైన దారి.

బస విషయంలో మూడు రకాల చోట్లు చూశాము. ఉడుపి హోటళ్లలో భోజనానికి, వాహనాలకు లోటు లేదు గానీ, దాదాపు యాభై అయిదు కిలోమీటర్లు ప్రయాణించి పైకి చేరేసరికి అడవిలో నడవవలసిన ఉదయపు వేళ కాస్తా గడిచిపోతుంది. దారిలో ఉన్న ఒక ఖరీదైన రిసార్టులో గదులు బాగున్నా, అదనంగా రుసుము తీసుకుని పంపిన గైడుకు జలపాతాలు, సూర్యాస్తమయం చూసే చోటు తప్ప మరేమీ తెలియదు. ఆగుంబె ఊళ్లోని దొడ్డమనె వంటి పాత ఇళ్లలో సౌకర్యాలు సాదాసీదావే. వండినదే తినాలి, వేడి నీళ్లకు కాసేపు ఆగాలి. అయినా తెల్లవారగానే గ్లాసెడు కషాయం తాగి అడవి అంచుకు నడిచి వెళ్లగలగడం వల్ల నా ఓటు దానికే.

ఏటా సుమారు ఏడు వేల మిల్లీమీటర్ల వాన పడే ఈ ప్రాంతంలో చెట్ల కొమ్మలు పైన ఒకదానితో ఒకటి అల్లుకుని, ఎండను చుక్కలు చుక్కలుగానే కిందికి వదులుతాయి. ట్రీ నింఫ్ ఎక్కువసేపు ఆ పైకప్పు దగ్గరే తిరుగుతుంది. వాగు పక్కన మాకు కనిపించినది రెండుసార్లు రెక్కలాడించి, తర్వాత గాలికి వదిలేసిన పల్చటి కాగితంలా తేలుతూ దిగింది. విప్పిన రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటాయి. తెల్లటి రెక్కల మీద నల్లటి ఈనెలు, గుండ్రటి మచ్చలు దగ్గరగా చూస్తే సిరాతో గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. మన జిల్లేడు మొక్కల మీద పెరిగే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకకు ఇది దగ్గరి చుట్టమే. అయితే దీని గొంగళి పురుగు గన్నేరు కుటుంబానికి చెందిన అగనోస్మా అనే పాలు కారే అడవి తీగ ఆకులు తిని, నల్లచుక్కల బంగారు రంగు ప్యూపాగా మారుతుంది. సతతహరితారణ్యాన్ని నరికి అకేసియా తోటలు వేసిన చోట ఆ తీగా మిగలదు, ఆ నీడా మిగలదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి దీనిని ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది. ఆగుంబె అనగానే అందరూ రాచనాగు గురించే అడుగుతారు. ఈ సీతాకోకచిలుకకు కూడా అంతటి పేరు రావలసింది.

పిల్లలతో వెళ్లేవారు కార్కళ మీదుగా దిగి, మూడబిదిరె దగ్గరి బెళ్వాయి సీతాకోకచిలుకల పార్కును కూడా చూడవచ్చు. బెంగళూరు బన్నేరుఘట్టలో ఉన్నట్టు ఇక్కడ మూసిన గుమ్మటం లేదు. ఈశ్వరి తీగ వంటి ఆహారపు మొక్కలను పెంచితే సదరన్ బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుకలు వాటంతట అవే వస్తాయి. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు కాబట్టి ముందుగా కనుక్కుని బయలుదేరాలి.

వానలు వెనకబట్టిన తర్వాత వెళ్లడం మేలు, అప్పటికీ జలగలు ఉంటాయి కనుక పొడవాటి మేజోళ్లు తప్పనిసరి. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. గదికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, మొక్కలను గుర్తుపట్టగల స్థానికుడిని వెంట తీసుకెళ్లండి. ముందు ఆ అగనోస్మా తీగను చూపించమని అడగండి.