బడి మిద్దెకు సున్నమా, కూల్ పెయింటా, ఇంకో రెండు ఫాన్లా?

వేసవి సెలవులు దగ్గర పడితే బడి కమిటీల వాళ్లు, పూర్వ విద్యార్థులు అడిగేది ఒకటే. చేతిలో కొంత డబ్బుంది, జూన్‌లో బడి తెరిచేసరికి గదుల్లో వేడి తగ్గాలి, మిద్దెకు సున్నం కొట్టించాలా, ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింటు వేయించాలా, ఫాన్లు కొనాలా అని.

ఎక్కువమంది మొదట అనుకునేది ఫాన్లే. 2019 నవంబరులో ఒంగోలులో మొదలైన, సర్కారు బళ్లను బాగుచేసే మన బడి నాడు–నేడు పనుల్లో చాలా బళ్లకు ఫాన్లు వచ్చాయి కూడా. అయినా అన్నం తిన్న తర్వాతి పీరియడ్‌లో పిల్లలు నోటు పుస్తకాలతో విసురుకుంటూ ఉంటే తప్పు ఫానుది కాదు, దాని పైనున్న శ్లాబుది. పొద్దుటి నుంచి తాగిన ఎండ నాలుగైదు అంగుళాల కాంక్రీటు దాటి లోపలికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ తిరిగినా గదిలో ఉడక తగ్గదు. రెండున్నరకు బెంచీ మీద నిలబడి అరచెయ్యి సీలింగుకు జానెడు దూరంలో పెట్టి చూడండి, కాలిన పెనం దగ్గర పెట్టినట్టే ఉంటుంది. ఫాను ఆ పైనున్న వేడి గాలినే కిందికి తోస్తుంది. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది గాలి అది దాటాక ఫాను చేసేదల్లా చెమట ఆరబెట్టడమే. సరిపడా లేకపోతే వేయించండి, కాదనను. కరెంటు తక్కువ తాగే 1200 ఎంఎం బీఎల్‌డీసీ రకం ఫాను ముప్పై వాట్ల చుట్టూ తీసుకుంటుంది, పాతది డెబ్బై ఐదు. బిగించేది మాత్రం బెంచీల మీద, సారు బల్ల మీద కాదు.

వేడిని మిద్దె మీదే ఆపాలి. అక్కడ అసలు పోటీ సున్నానికీ కూల్ పెయింటుకూ. కొత్తగా వేసినప్పుడు రెండిటితోనూ గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. పెయింటు కాస్త ఎక్కువే తిప్పికొడుతుంది. మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది. సున్నం వానలకు కొట్టుకుపోతుంది. కాగితం మీద చూస్తే పెయింటే గెలుస్తుంది.

మన నెల్లూరు, ఒంగోలు వైపు లెక్క వేరు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఆ పైన సెలవులు. కాబట్టి ఏప్రిల్, మే ఎండలు పిల్లల్ని గదిలో పట్టుకునేది తక్కువ. అసలు బాధ జూన్ నుంచి సెప్టెంబరు దాకా, రెండు పూటలా బడి నడిచేటప్పుడు. రాష్ట్రమంతా నైరుతి వానలంటుంటే మన దగ్గర అప్పుడే పడమటి గాలి కొడుతుంటుంది. మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. జూన్ మొదట్లో కొట్టిన సున్నం ఆ వానల దాకా నిలిస్తే చాలు. తుపాను వచ్చి కడిగేసినా పోయేదేమీ లేదు, అప్పటికి చలికాలం వస్తుంది. ఐదేళ్ల మన్నికకు డబ్బు పెట్టే ముందు ఇది ఆలోచించాలి. ఇరవై అడుగులకు ఇరవై గదికి ఇరవై లీటర్ల కూల్ పెయింటు డబ్బా ఒకటి పడుతుంది. అదే గదికి పది, పన్నెండు కిలోల సున్నం చాలు. ఒక గది పెయింటు డబ్బుతో చాలా గదులకు సరిపడా సున్నం వస్తుంది.

సున్నం రాలిపోయిందనే ఫిర్యాదు ఎక్కువగా కొట్టే తీరు వల్లే. మిట్టమధ్యాహ్నం కాలిన శ్లాబు మీద కొడితే నీళ్లు అక్కడికక్కడే ఇగిరిపోయి పొడి మిగులుతుంది. పోయినేటి నల్ల పాకుడును వైరు బ్రష్షుతో గీకి కడిగించండి. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు చొప్పున ముందు రోజే నానబెట్టి, మర్నాడు గుడ్డలో వడకట్టి, ఒక గది సున్నం మొత్తానికి అర కిలో నుంచి కిలో దాకా డీడీఎల్ (సున్నం పట్టు కోసం కలిపే తెల్ల జిగురు) కలపాలి. ఎండ వాలాక మిద్దె తడిపి, తడి మెరుపు పోగానే మొదటి కోటు. రెండోది మర్నాటి సాయంత్రం, ఆ పై సాయంత్రం మూడోది. పలుచటి కోట్లు మూడు మేలు, చిక్కటిది ఒకటైతే పెచ్చులు లేస్తుంది. పిట్టగోడ లోపలి వైపూ వదలొద్దు. నీలిమందు వద్దు, మిద్దె మీద అందం చూసేవాళ్లెవరు! గుల్ల సున్నం నానేటప్పుడు ఉడికి చిందుతుంది, కంట్లో పడితే ప్రమాదం. శ్రమదానం పేరుతో పిల్లల చేత ఆ పని చేయించకండి.

పెయింటు తీసుకోవాల్సిన బళ్లూ ఉన్నాయి. మిద్దెకు మెట్లు లేక, ఏటా నిచ్చెన వేసి ఎక్కే మనిషి దొరకని చోట అదే నయం. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అంకె, అంటే ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పేది, నూరుకు దగ్గరగా, లేదా పైన ఉన్నది చూసుకోండి. మే నెలలో, శ్లాబు బాగా ఎండి ఉన్నప్పుడు రెండు కోట్లు వేయించాలి. ఎర్ర దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు కనుక ఏటా బడి తెరిచే ముందు కడగాల్సిందే. నీళ్లు ట్యాంకరుతో తెచ్చుకునే కనిగిరి, పొదిలి పల్లెల్లో అదీ ఖర్చే. ఇంకొక్కటి: పాత సున్నం పూర్తిగా గీకకుండా దాని మీద పెయింటు వేస్తే మొదటి వానకే పొరలుగా ఊడొస్తుంది. రేపు ఎవరైనా దాత పెయింటు ఇస్తారనే ఆశ ఉంటే ఈ ఏడు సున్నం జోలికి పోకండి. అలాగని పగుళ్లున్న మిద్దెకు ఈ రెండూ మందు కావు. కారడం వేరే జబ్బు, ముందు పగుళ్లు పూడ్పించండి.

షేడ్ నెట్ శ్లాబుకు రెండడుగుల ఎత్తున కడితే బాగానే పనిచేస్తుంది, సెప్టెంబరు చివరికి విప్పేయాలి. తాటాకు పందిరి చల్లనే, కానీ 2004లో తమిళనాడులోని కుంభకోణంలో బడి పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయాక దాని మాటే వద్దు. పడమటి వైపు వేప, కానుగ ఎలాగూ నాటండి, నీడ మాత్రం ఇప్పుడు చదివే పిల్లలకు అందదు.

సిమెంటు రేకుల గదులకు పైన చెప్పిన గీకుడు పనికిరాదు. ఆ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గీకకుండా, పొడిగా ఊడ్చకుండా తడిపి కడిగించి, రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా దూలాల మీదుగా పలకలు పరిచి పెయింటు వేయించండి.